అఖిల రాసిన అర గ్రాము

ఎల్బీనగర్
కార్తీక పున్నమి వెళ్ళిన మూడో రోజు

పెద్దమ్మకు లచ్చమ్మ దండం పెట్టి రాసేది.

మీ చెవులు ఫోను మాట వినడం మానేశాక నాకీ కాగితం పని పడింది. ఏడో తరగతి సగంలో ఆపినదాన్ని. అక్షరాలు వంకర పోతే నవ్వుకోండి గానీ పక్కన పెట్టకండి. అఖిల నాయనకు దిల్‌సుఖ్‌నగర్ వైపు ఆటో కిరాయి తగిలిన రోజు మీ గేటులో వేసి వస్తాడు. మీ మేడ మీద పదకొండేళ్ళు ఉన్నాం. మెట్ల మీంచి ఒక్క కేకేస్తే పలికేవారు. ఇప్పుడు మీకొక మాట చెప్పాలంటే మడత పెట్టి పంపాల్సి వస్తోంది.

సారుకు కడుపు కదలడం లేదని రాశారు. నేలతంగేడు ఆకు పొడి పన్నెండు పొట్లాలు పంపుతున్నాను. ఆకును నీడలోనే ఎండబెట్టాను, దంచి పలచటి గుడ్డలో రెండుసార్లు జల్లించాను. పడుకునే ముందు ఒక పొట్లం గోరువెచ్చని నీళ్ళలో కలిపి ఇవ్వండి. అంతా మా అఖిల పుస్తకం ప్రకారమే. అరవై దాటినవాళ్ళకు అర గ్రాము అని రాసి, కింద రెండు గీతలు గీసింది.

అసలు కబురు ఇది. అఖిల కాలేజీలో పాఠం చెప్పిన విజయదుర్గ మేడం మొన్న మా ఇంటికి వచ్చారు. కుర్చీ వేస్తే కూర్చోకుండా, నేల మీదే చతికిలబడి పుస్తకం మొత్తం చదివారు. అందులో నలభై ఒక్క మందులున్నాయి. మా అత్త చేతి నుంచి నాకు వచ్చినవి, నా చేతి నుంచి అఖిల తూకంలోకి ఎక్కించినవి. మేడం అన్న మాట అన్నట్టే రాస్తున్నాను. “లచ్చమ్మగారూ, ఫార్మసీ చదివే పిల్లల్ని చాలామందిని చూశాను. వాళ్ళమ్మ చిటికెడును పదిసార్లు తూచిన పిల్లను మాత్రం చూడలేదు.” దాన్ని అచ్చు వేయించి, మొదటి సంవత్సరం పిల్లలందరికీ ఇస్తారట. వాళ్ళు తమ ఇళ్ళకు తీసుకుపోతారట. అట్ట మీద అఖిల పేరు ఉంటుందట.

ఆ తూకాల గొడవ మీకూ గుర్తుండే ఉంటుంది. బంగారం కొట్లో ఉండేలాంటి చిన్న తూకం మిషను తెచ్చి నా ముందు పెట్టి, “అమ్మా, వాము చిటికెడు ఎయ్యి” అంది. వేశాను. “మల్ల ఎయ్యి” అంది. పదిసార్లు వేయించింది. పదిసార్లకూ పది అంకెలు వచ్చాయి. “చూసినవా, నీ చెయ్యి పొద్దుగాల ఒక లెక్క, మాపటికి ఒక లెక్క” అంటే నాకు మంటెక్కింది. “మీ నాయనమ్మ ఏ మిషినుతోని ఇచ్చిందే ఊరందరికి మందు? ఒక్కలన్న సచ్చిన్రా?” అన్నాను. “సచ్చినోళ్ళొచ్చి చెప్తరానె అమ్మా?” అంది. మీరు కింద నుంచి నవ్వింది నాకు వినిపించింది.

పోయిన ఏడాది శ్రావణంలో డెంగీ జ్వరం ఆరు రోజుల్లో దాన్ని తీసుకుపోయింది. ఇరవై ఒక్కేళ్ళు దానికి. ఆ మెట్లు ఎక్కలేక మీ ఇల్లు ఖాళీ చేసి ఇటు వచ్చాం గానీ, ఇక్కడ కూడా నేను తలెత్తి రోడ్డు మీద నడవలేదు. మొన్న మేడంను బస్టాపు దాకా దింపి వస్తుంటే మాత్రం తలెత్తే నడిచాను. కిరాణా కొట్టు ఆమె “ఎవరొదినా ఆమె?” అంటే “మా అఖిల మేడం” అన్నాను. ఇంకోసారి అడిగితే బాగుండుననిపించింది.

మీ లచ్చమ్మ


దిల్‌సుఖ్‌నగర్
నవంబరు 27

చిరంజీవి లచ్చమ్మను దీవించి రాసేది.

నీ ఉత్తరం, పొట్లాలు అందాయి. జవాబు ఆలస్యమైంది, ఏమీ అనుకోకు. ఇంట్లో కాస్త హడావిడి. మీ సారుకు కొంచెం నలతగా ఉండి, ఇప్పుడు తేరుకున్నారు. గంజి తాగుతున్నారు, పేపరు చదువుతున్నారు, నన్ను కసురుతున్నారు. అంటే బాగున్నట్టే.

అఖిల పుస్తకం అచ్చవుతుందంటే నా కడుపు నిండింది. అయితే ఒక్క మాట. మేడంగారితో చెప్పి అచ్చు పని ఒక నెల ఆపించరాదూ? తొందరేముంది? అన్నీ ఇంకొకసారి చూసుకుని వేసుకోవచ్చు.

పొట్లాలు ఇక ఇప్పట్లో పంపకు. ఉన్నవి చాలు. మీ ఆయన వీరేశాన్ని అడిగానని చెప్పు. గేటు దగ్గర నుంచే వెళ్ళిపోతున్నాడు, లోపలికి వచ్చి కాఫీ తాగి వెళ్ళమను.

శేషారత్నం


ఎల్బీనగర్
డిసెంబరు మొదటి శనివారం

పెద్దమ్మకు,

కోపంగా ఉన్నా దండం పెట్టే రాస్తున్నాను.

మీరు దాచిన మాట మీ గేటు దగ్గరే బయటపడింది. నిన్న అఖిల నాయన మీ వీధిలో ఎవరినో దింపుతుంటే మీ కోడలు భావన ఎదురైందట. “సారెట్లున్నరమ్మా?” అని అడిగాడట. “ఇప్పుడు ఫర్వాలేదండీ. రెండ్రోజులు సెలైన్ ఎక్కించారు. మా ఆయనైతే ఆ పుస్తకంలో లెక్కే తప్పు, ముందు దాన్ని తగలెయ్యాలి అంటున్నారు” అందట. ఈయన ఇంటికొచ్చి అన్నం ముందు కూర్చుని ముద్ద ముట్టలేదు. పరేషాన్‌గా గోడకేసి చూస్తున్నాడు. అడగ్గా అడగ్గా చెప్పాడు.

సారు పడుకున్నారంటే నాకు బాధ లేదనుకోకండి. దవాఖాన ఉన్న వీధిలోంచి కూడా నేను నడవను, ఎందుకో మీకు తెలుసు. కానీ తగలెయ్యాలి అన్న మాట ఏం మాట పెద్దమ్మా? ఒకసారి తగలేసి వచ్చాం. ఇంకోసారి నా వల్ల కాదు.

మీ అబ్బాయి ఉపేంద్రబాబు పెద్ద చదువు చదివాడు. మా అఖిల లెక్కలో ఏ అంకె తప్పో వచ్చి వేలు పెట్టి చూపించమనండి. ఆ పిల్ల రోజూ తూకం మొదలుపెట్టే ముందు ఒక రూపాయి బిళ్ళను మిషను మీద పెట్టి చూసేది. బిళ్ళ బరువు మారదు కాబట్టి, అంకె మారితే మిషను చెడిందని తెలుస్తుందట. ఆ బిళ్ళ ఎంత తూగాలో పుస్తకం మొదటి పేజీలోనే రాసి పెట్టింది. అంత జాగ్రత్త గల పిల్ల తప్పు రాస్తుందా? మీరే రెండు పొట్లాలు కలిపి ఇచ్చారేమో. సారు బయట ఏమన్నా తిన్నారేమో. ఆయనకు మిర్చి బజ్జీలంటే ఎంత ప్రాణమో పదకొండేళ్ళు చూసినదాన్ని.

పుస్తకంలో తప్పుందంటే నా బిడ్డ నాకు మళ్ళీ పోయినట్టే. ఇప్పుడు దానికి మిగిలింది ఆ పేరొక్కటే.

మిగిలిన పొట్లాలు వెనక్కి పంపండి. తూచి మీ అబ్బాయి ముందు పెడతాను. అచ్చు ఆపమని మేడంకు చెప్పను.

లచ్చమ్మ


దిల్‌సుఖ్‌నగర్
డిసెంబరు 12

లచ్చమ్మకు,

నీ కోపానికి నేనేమీ అనుకోలేదు. దాచడం నాదే తప్పు. ఇప్పుడు జరిగింది జరిగినట్టు రాస్తాను.

మొదటి పొట్లానికే మర్నాడు ఆయన నాలుగుసార్లు వెళ్ళారు. “లచ్చమ్మ మందంటే మందే” అని మురిసిపోయారు. రెండో పొట్లానికి ఏడుసార్లు. ఇక చాలండీ అన్నాను. “అర గ్రాము ఏం చేస్తుందే, చీమక్కూడా చాలదు” అని మూడోది వేసుకున్నారు. ఆ మర్నాడు పొద్దున్న బాత్రూము గుమ్మంలో పడిపోయారు.

నేను వంటింట్లో ఇడ్లీ రేకులు కడుగుతున్నాను. చెవి దగ్గర అరిస్తే తప్ప నాకు వినపడదు కదమ్మా. ఆయన పడిన చప్పుడు వినపడలేదు, పిలిచిన పిలుపూ వినపడలేదు. భావన వచ్చి భుజం పట్టి లాగితే వెళ్ళి చూశాను. నేల మీద పడి నా వైపే చూస్తున్నారు. ఎంతసేపటి నుంచి పిలుస్తున్నారో నేను ఇప్పటికీ అడగలేదు.

మలక్‌పేటలో ఆస్పత్రిలో రెండు రోజులున్నాం. ఒంట్లో నీళ్ళు, లవణాలు బాగా పడిపోయాయన్నారు. డెబ్భై ఎనిమిదేళ్ళ మనిషి, అందులోనూ బీపీ మాత్రలు వేసుకునే మనిషి. ఇంకాస్త ఆలస్యమైతే చెయ్యి దాటిపోయేదని డాక్టరు భావనతో అన్నాడట.

రెండు పొట్లాలు కలపలేదు. ఒక్కొక్కటే ఇచ్చాను, నా చేత్తో. బజ్జీలూ తినలేదు.

ఉపేంద్ర ఆ మాట అన్నది నిజమే. తండ్రిని స్ట్రెచర్ మీద చూసిన కొడుకు అన్న మాట అది. వాణ్ణి వెనకేసుకు రాను. మిగిలిన తొమ్మిది పొట్లాలూ వాడు చెత్తబుట్టలో వేస్తే, నేను తీసి బియ్యం డబ్బాలో దాచాను. అవే పంపుతున్నాను. ఒక్కటి కూడా విప్పలేదు.

అఖిల పదేళ్ళప్పటి నుంచి నా పక్కన కూర్చుని చదువుకున్న పిల్ల. దాని మీద మాట పడితే నాకూ గుచ్చుకుంటుంది. కానీ ఆ పుస్తకం రేపు ఎన్ని ఇళ్ళకు వెళ్తుందో ఆలోచించు. ప్రతి ఇంట్లోనూ ఒక ముసలాయన ఉంటాడు. తప్పు పుస్తకంలో ఉందో, ఇంకెక్కడన్నా ఉందో నువ్వే తూచి చూడు. ఏది తేలితే అది నాకు రాయి. ఏది రాసినా మనిద్దరి మధ్య ఏమీ మారదు.

శేషారత్నం


ఎల్బీనగర్
ముక్కోటి ఏకాదశి వెళ్ళిన తెల్లారి

పెద్దమ్మా,

తూచాను. తూచి రెండు వారాలు దాటింది. అప్పటి నుంచి ఈ కాగితం ముందు కూర్చోవడం, లేవడం.

ముందు రూపాయి బిళ్ళ పెట్టి చూశాను. మొదటి పేజీలో అఖిల రాసిన అంకే మిషను మీద కనపడింది. మిషను మంచిదే. తర్వాత మీ పొట్లం ఒకటి విప్పి పోశాను. ఒకటిన్నర గ్రాము చూపించింది. రెండోది దానికన్నా ఎక్కువ. మూడోది కాస్త తక్కువ. తొమ్మిదింటిలో ఒక్కటి కూడా అర గ్రాము దగ్గరలో లేదు.

ముందు నా మనసులోకి వచ్చింది మీ దగ్గర దాచను. మీ ఇంట్లో ఎవరో విప్పి కలిపారనుకున్నాను. అంత పాపపు ఆలోచన చేశాను.

అఖిల నాయన పక్కనే ఉన్నాడు. “నా ముంగట ఇంకో పొట్లం కట్టు, సూస్త” అన్నాడు. కాగితం మీద పొడి పోసి సరిగ్గా అర గ్రాము తూచాను. “సూస్కో” అన్నాను గర్వంగా. కాగితం దించి మడవబోతుంటే నా మణికట్టు పట్టుకున్నాడు.

“గిదేంది?”

“ఏది?”

“గిప్పుడేసింది.”

“నేనేమేసిన?”

“డబ్బల చెయ్యి పెట్టి, తీసి, మీదికెళ్ళి ఏస్తివి గదనే. నీకు తెల్వనే తెల్వదా?”

నాకు తెలియదు పెద్దమ్మా. ఒట్టు. నా కళ్ళ ముందే నా చెయ్యి వేసింది, నాకు తెలియలేదు.

అది కొసరు. మా ఇంట్లో ఎవరికేం ఇచ్చినా కొసరు లేకుండా ఇవ్వం. పాలు కొలిచి పోస్తే మీద ఇంకో ధార పోస్తాం. బియ్యం కొలిస్తే మీద ఒక పిడికెడు వేస్తాం. కొలిచింది కొలిచినట్టు చేతిలో పెడితే మా అత్త నన్ను తిట్టేది, “పగోళ్ళకిచ్చినట్టు ఇస్తున్నవేందే?” అని. ముప్పై ఏళ్ళుగా నా చెయ్యి అడక్కుండానే ఆ పని చేస్తోంది. దగ్గు పొడిలో, వాము పొడిలో ఆ చిటికెడు ఎవరినీ ఏమీ చెయ్యలేదు. ఈ అర గ్రాము మందులో మాత్రం నా కొసరే గ్రాము ఉంది. అసలు కన్నా రెండింతలు. మీరంటే ప్రాణం కాబట్టి మీ పొట్లాల్లో ఇంకాస్త ఎక్కువే వేసి ఉంటాను.

అఖిల రాసింది సరిగ్గానే రాసింది. సారును పడేసింది నా చెయ్యి.

మేడం దగ్గరికి వెళ్ళాను. అచ్చు ఆపేస్తారనుకునే వెళ్ళాను. మీరూ నేనూ చెప్పకపోతే ఎవరికీ తెలియదని అఖిల నాయన ఒకసారి అన్నాడు, తర్వాత ఆయనే ఆటో తీశాడు. అట్ట మీద ఉండేది నా పేరైతే దాచేదాన్నేమో. అది మా అఖిల పేరు. ఒక్క అంకె అటూ ఇటూ అయితే తిండి మానేసి మళ్ళీ తూచిన పిల్ల. దాని పుస్తకంలో అంకెలన్నీ నిజం రాసి పెట్టి, వెనకాల నేనొక అబద్ధం దాచితే దానికి తలవంపులు కాదా?

గదిలో ఇంకో ఇద్దరు మేడంలు కూడా ఉన్నారు. నిలబడే అంతా చెప్పాను. విజయదుర్గ మేడం పుస్తకం ముందుకు లాక్కుని నేలతంగేడు పేజీ తీసి చూశారు. తర్వాత “పుస్తకంలో తూకాలన్నీ మా ల్యాబులో సరిచూశాం, తప్పు లేదు. కానీ తూకం అయిపోయాక చెయ్యి ఏం చేస్తుందన్నది మాకెవరికీ తట్టలేదమ్మా” అన్నారు. అచ్చు ఆపరట. చివర ఒక పేజీ నన్నే రాయమన్నారు, జరిగింది జరిగినట్టు. వేరే మాత్రలు వాడే పెద్దవాళ్ళు డాక్టరును అడగకుండా నేలతంగేడు ముట్టకూడదని కూడా పెద్ద అక్షరాలతో వేస్తారట. అది నాకూ తెలియదు. సారు బీపీ మాత్రల సంగతి నేను అడగనే లేదు.

ఈ ఉత్తరం ఉపేంద్రబాబుకు చూపించండి. సారు కాళ్ళు పట్టుకోవడానికి రావాలని ఉంది. రానిస్తారా?

లచ్చమ్మ


దిల్‌సుఖ్‌నగర్
జనవరి 6

లచ్చమ్మా,

రానిస్తారా అని అడుగుతావేమిటి? మీ సారు ఏమన్నారో విను. “కొసరుకే ఇంత పడ్డానంటే లచ్చమ్మ నన్నెంత అభిమానించిందో చూడు.” ఈ మనిషిని నేను బాగుచెయ్యలేను.

ఉపేంద్ర నీ ఉత్తరం రెండుసార్లు చదివాడు. మడిచి నా చేతిలో పెట్టి బయటికి వెళ్ళాడు. వచ్చాక, నా చెవి దగ్గర అరిచి చెప్పే మాట కాదు కాబట్టి, కాగితం మీద రాసి చూపించాడు. “అచ్చయ్యాక నాకొకటి ఇమ్మని అడుగు. నేనన్న మాటకు ఎలా మొహం చూపించాలో తెలియడం లేదు” అని ఉంది. వాడికి తెలిసినన్ని మాటలు అవే.

ఇప్పుడు నీకు చెప్పని సంగతి ఒకటి చెబుతాను. అఖిల నా చేత ఒట్టు వేయించుకుంది. ఆ ఒట్టు ఇవాళ తీసి గట్టు మీద పెడుతున్నాను.

మా మేడ మీద ఉన్నప్పుడు నువ్వు పొట్లాలు కట్టి బుట్టలో పెట్టి, మధ్యాహ్నం కాసేపు నడుం వాల్చేదానివి. అప్పుడది బుట్టా, మిషనూ పట్టుకుని పిల్లిలా మెట్లు దిగి మా వరండాలోకి వచ్చేది. ఒక్కొక్క పొట్లం విప్పి మళ్ళీ తూచేది. ఎక్కువైంది తీసేసి, అచ్చం నీ మడతలాగే మడిచేది. తీసిన పొడి తీసుకెళ్ళి నీ డబ్బాలోనే పోసేది. ఆ డబ్బా ఎంత వాడినా తరగడం లేదని నువ్వు దానికి కుంకుమ బొట్టు పెట్టావు, జ్ఞాపకముందా? “మా డబ్బల లచ్చిందేవి కూసున్నది పెద్దమ్మా” అని నాతో చెబుతుంటే, అది నీ వెనక నిలబడి చున్నీ నోట్లో కుక్కుకుని నవ్వింది.

నేను దాన్ని కోప్పడ్డాను. “ఈ దొంగతనం ఎందుకే? మీ అమ్మకే చెప్పొచ్చుగా?” అన్నాను. అదేమందో తెలుసా? “చెప్తే మానేస్తది అమ్మమ్మా. మానేసి, ఎవ్వరికిచ్చినా తక్కువిచ్చిన అని బాధ పడ్తది. ఏసుకోనియ్యి. నేను తీస్త గద.”

ఇది తెలిసుండీ, పొట్లాలు వచ్చినప్పుడు నాకు తట్టలేదు లచ్చమ్మా. అది లేదని తెలుసు. అది చేసే పని కూడా ఆగిపోయిందని ఆస్పత్రి బెంచీ మీద కూర్చున్నాక తట్టింది. అందుకే పొట్లాలు దాచాను. ఆ పుస్తకం వెళ్ళే ఇళ్ళలోనూ కొసరు వేసే చేతులుంటాయనే అచ్చు ఆగమన్నాను. నీకు నేరుగా రాద్దామని ఎన్నిసార్లు కలం పట్టినా, బిడ్డ పోయిన తల్లితో నీ చెయ్యే తప్పు చేసిందని అనలేకపోయాను. నువ్వే తూచుకున్నావు. నువ్వే వెళ్ళి చెప్పావు. అది ఉంటే వరండాలో గెంతేది.

బుధవారం రా. ఆయన కాళ్ళ జోలికి మాత్రం పోకు, చక్కిలిగింతలు.

శేషారత్నం


ఎల్బీనగర్
శివరాత్రికి ఇంకా వారం ఉంది

పెద్దమ్మకు లచ్చమ్మ దండాలు.

ఆ బుధవారం మీ ముందు మాటలు రాలేదు, అందుకే మళ్ళీ కాగితం పట్టాను. మీ ఉత్తరం చదివినప్పుడు ముందు నవ్వొచ్చింది. తర్వాత ఏమైందో రాయను. కూతురు తనను ఇన్నేళ్ళు మోసం చేసిందని తెలిసి ఇంత సంబరపడిన తల్లి ఇంకెక్కడా ఉండదు. కిరాణా ఆమెకు చెప్పాను, పక్కింటివాళ్ళకు చెప్పాను. అఖిల నాయన ఆటో ఎక్కిన వాళ్ళకు కూడా చెబుతున్నాడట. ఒకాయన వినీ వినీ దిగాల్సిన చోటు దాటిపోయాడట.

పుస్తకం వచ్చింది. మీకు రెండు, ఉపేంద్రబాబుకు ఒకటి పంపుతున్నాను. చివరి పేజీ నాది. నేను రాసిన వంకర మాటలు మేడం సరిదిద్దలేదు, అలాగే వేశారు. అట్ట మీద నా పేరు కూడా వేద్దామన్నారు. వద్దన్నాను. అట్ట దానిదే.

పుస్తకాలు పంచిన రోజు నన్ను కాలేజీకి పిలిచారు. తెల్ల కోట్లు వేసుకున్న పిల్లలు నలభై మంది ఉన్నారు. ఆడపిల్లలే ఎక్కువ. పొట్లం ఎలా కట్టాలో చూపించమన్నారు. కాగితం పరిచి, పొడి పోసి, సరిగ్గా అర గ్రాము తూచాను. కాగితం దించాను. అప్పుడు కుడి చెయ్యి దాని దారిన అది డబ్బా వైపు వెళ్ళింది. ఎడమ చేత్తో గట్టిగా పట్టుకున్నాను. పిల్లలంతా చూశారు. ఒక్కరూ నవ్వలేదు, అప్పటికే చివరి పేజీ చదివినట్టున్నారు.

మడిచి, ముందు వరుసలో ఉన్న పిల్ల చేతిలో పెట్టాను. ఆ పిల్ల అరచేతిలో అటూ ఇటూ కదిపి చూసింది. బరువే లేదు దానికి.

“ఇంతేనా ఆంటీ?” అంది.

పుట్టి బుద్ధెరిగాక ఎవరికీ నేను ఇంతే అని చెప్పి ఇవ్వలేదు పెద్దమ్మా. ఆ పిల్ల వేళ్ళు పొట్లం మీదికి మడిచాను. తర్వాత గది అంతా వినపడేలా చెప్పాను.

“ఇంతే బిడ్డా. మా అఖిల ఇంతే రాసింది.”

మీ
అఖిల అమ్మ